పెన్నొడ్డున రాతి తీగ

వచ్చినా తల్లీ, మళ్లీ వచ్చినా. మా ఎర్రగుంట్ల దుమ్ము పాదాలకు అట్లే ఉంది, రైలు కిటికీ ఇనుప వాసన అరచేతులకు అట్లే ఉంది. చెప్పులు విడిచి నీ గడప ముందర నిలబడినా. నిలబడినానో, నిలువునా కరిగినానో నాకే తెలియదు.

తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుని గుడి గోపురమా! ఏటిగాలికి ఎదురొడ్డి నిలిచిన నల్లపచ్చని రాయీ! అందరూ లోపలి స్వామి కోసం వస్తారు, నేను నీ కోసం వస్తా. స్వామి ఏమీ అనుకోడు. తన గడప దగ్గరే చిక్కుకుపోయి లోపలికి రాలేకపోయినవాళ్లను ఆయన ఎందరిని చూసినాడో.

మా ఊర్లో రాయికి నోరు లేదు. గనిలో పొరలు పొరలుగా లేస్తుంది, మాట్లాడకుండా లారీ ఎక్కుతుంది, పాలిష్ ఫ్యాక్టరీలో నీళ్లధార కింద గిరగిరా తిరిగే చక్రానికి ఒళ్లప్పగిస్తుంది, అద్దమై బయటికొచ్చి అడుగుల లెక్కన అమ్ముడుపోతుంది. గరుకు పోవడమే దానికి సౌందర్యం. గీత పడితే ధర తగ్గుతుంది, అంచు విరిగితే దిబ్బకు పోతుంది. నాపబండల మీద పాకి, నాపబండల మీద సంగటి తిని, నాపబండల మీద పొర్లి పెరిగిన కళ్లు ఇవి. నునుపే అందమని నమ్మిన కళ్లు. నువ్వు మా నాపరాయివి కావు, నీ జాతి వేరు, నీ గట్టితనం వేరు, ఆ సంగతి తెలుసు. అయినా రాయి రాయికి చుట్టమే కదా అన్న ధీమాతో ఆ కళ్లను తెచ్చి నీ ముందర పెడితే, అమ్మా, అరచేయంత నునుపు కూడా లేదే నీలో!

ఎన్ని వంపులు, ఎన్ని వలయాలు, ఎన్ని వరసలు! అడుగున అంచు మీద అంచు, అంచు మీద ముత్యాల పేరు, పేరు మీద పద్మదళం, దళం మీద కలశం, కలశంలోంచి పొడుచుకొచ్చిన స్తంభం, స్తంభం మీద చిన్న గుడి, ఆ చిన్న గుడిలో చిన్న దేవుడు, ఆ చిన్న దేవుని మెడలో గింజంత హారం, ఆ హారంలో ఆవగింజంత మెరుపు. హంసలు నడుస్తున్నాయి, నడుస్తూనే ఉన్నాయి. యాళులు ఎగురుతున్నాయి, ఎగురుతూనే ఉన్నాయి. లతలు అల్లుకుంటున్నాయి, ఆగమన్నా ఆగవు. ఎండ ఒక జానెడు జరిగితే చాలు, నీడలో నిద్రపోతున్న ఇంకో వరస ఒళ్లు విరుచుకుని లేస్తుంది. పొద్దున చూసిన గోపురం మధ్యాహ్నానికి లేదు, మధ్యాహ్నం చూసింది సాయంత్రానికి లేదు. నువ్వు రాయివా, రాగానివా? ఒకే చోట నిలబడి ఇన్ని నడకలు ఎవరు నేర్పినారు నీకు?

నీ గుమ్మానికి అటూ ఇటూ మకరాల మీద నిలబడినారే, ఆ ఇద్దరు ఆడబిడ్డల దగ్గరే నా పొద్దంతా పోతుంది. ఎడమ పక్కామె ఎదుట గొంతు కూర్చుంటా. మకరం నోరు తెరిచింది, ఆ నోట్లోంచి తీగ పుట్టింది. పుట్టిన తీగ ఆమె చేతిని తాకి పైకెగబాకింది. ఒక చుట్టు చుట్టి ఊపిరి పీల్చుకుంది, ఇంకో చుట్టు చుట్టి మలుపు తిరిగింది, ద్వారబంధం పొడవునా చుట్లు చుట్లుగా పోతూనే ఉంది. ఆమె మోకాలు కొద్దిగా వంగింది. బరువంతా ఒక కాలి మీదే. ఏటి నుంచి బిందె ఎత్తుకొచ్చిన మనిషి ఇంటి వాకిట్లో ఒక్క క్షణం నిలబడినప్పుడు నడుము ఎట్లా వాలుతుందో అట్లా వాలింది నడుము. ముక్కు కొస చెదిరింది. చెదిరినా చిరునవ్వు చెదరలేదు.

అప్పుడు కనిపించింది. అరచేయంత నునుపు లేదన్నానే, తప్పు, తప్పు! ఉంది. ఆమె తొడ పక్కన, సరిగ్గా లోపలికి అడుగేసేవాళ్ల చేయి ఆనుకునే ఎత్తులో, ఒక్కచోట రాయి నిగనిగలాడుతోంది. నూనె పూసినట్టు, నేరేడుపండు తొక్కలాగ. ఏ యంత్రమూ చేసిన నునుపు కాదది. గడప దాటేటప్పుడు ముసలమ్మలు ఆసరాకు పట్టుకున్న నునుపు, పిల్లలు పరుగెత్తుతూ రాసుకుపోయిన నునుపు. నా అరచేయి కూడా అక్కడ పెట్టినా. వెచ్చగా ఉంది. ఎండ వెచ్చదనమే అయ్యుండచ్చు. కాదనే అనుకున్నా.

ఒక తెల్లదొర కూడా నిన్ను మెచ్చుకున్నాడు. జేమ్స్ ఫెర్గూసన్. 1876లో అచ్చయిన పుస్తకంలో నీ ఊసు రాసినాడు. మిగతా గోపురాల్లో కింది నిటారు భాగం సాదాగా ఉంటే, నీలో ఆ భాగమే నిండా చెక్కడమైందని గుర్తుపట్టినాడు. మంచి కన్నే. దొరకు ఒక దండం పెట్టి ముందుకు పోతా. గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులకూ ఇంకో దండం, వాళ్ల చలవే కదా నువ్వు. నా ధ్యాస మాత్రం వాళ్లెవరి మీదా లేదు. ఉలి పట్టిన వేళ్ల మీద ఉంది, రాతిపొడి రాలిన రెప్పల మీద ఉంది. మా ఫ్యాక్టరీ కూలీల రెప్పలు అట్లే ఉంటాయి, తెల్లగా.

తల ఎత్తి చూస్తే గుండె గుభిల్లుమంటుంది. పైన నువ్వు లేవు! అంతస్తులు లేవు, శిఖరం లేదు, కలశాలు లేవు. ఇంత సింగారించుకున్న పెండ్లికూతురు పాపిట దగ్గరికొచ్చి ఆగిపోయింది. వచ్చినవాళ్లు అయ్యో అంటారు. నేను అనను. ఉలి ఆగినచోట ఆకాశం మొదలవుతుంది. పగలు కొంగలు నీ శిఖరం, రాత్రి సప్తర్షులు నీ కలశాలు. పై అంతస్తులు లేచి ఉంటే మెడ నొప్పెట్టేదాకా వాటినే చూసి, గుమ్మం దగ్గర ఆడబిడ్డను పలకరించకుండా పోయేవాణ్నేమో! ఇది నా స్వార్థం. నా మీద కోపం పెట్టుకోవద్దు.

లోపలికీ పోయినా, పోకుండా ఉంటానా. చీకటి, చల్లదనం, కర్పూరం వాసన. లింగం దగ్గర ఊరే ఊట. కరువు సీమలో, బోర్లు ఎండే నేలలో, అడగకుండా ఊరే నీళ్లు. ఆ బుగ్గ పేరే స్వామికి పేరైంది. మాకు నీళ్లకంటే పెద్ద దేవుడు ఎవరు?

బయటికొచ్చి ఏటిగట్టున కూర్చున్నా. పెన్నేరు! ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే, అయినా ఏరే. ఇక్కడ నీ పాదాలు తాకి బయల్దేరుతుంది. గండికోట ఎర్రబండలను నిలువునా కోసుకుని, జమ్మలమడుగు దాటి, ప్రొద్దుటూరు దాటి, పుష్పగిరికి మొక్కి పోతుంది. ఏరు పోయే ఆ సీమలోనే, మా ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల ఉంది. క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుని శాసనం ఆ ఊరిదే. దొరికిన తెలుగు శాసనాల్లో అదే మొదటిదని పెద్దలు చెప్తారు. అక్కడ మా రాయి మాట్లాడడం నేర్చుకుంది, గోపురమా, తొమ్మిది వందల ఏండ్లు దాటేసరికి ఇక్కడ నీ దగ్గర పాడడం నేర్చుకుంది. ఆ తర్వాత ఎందుకు మూగబోయిందో, అడుగుల లెక్కకు ఎట్లా తలవంచిందో ఏటిని అడిగినా. ఇసుక ఎగిరి కంట్లో పడింది.

రైలుకు టైమైంది. ఆడబిడ్డకు చెప్పి వచ్చినా. ముద్దనూరు దాటేసరికి చీకటి.

ఆ రాత్రి కరెంటు లేదు. వసారాలో చాప లేకుండా వట్టి నాపబండ మీద పడుకున్నా, వీపు కింద చల్లగా, నిశ్శబ్దంగా. పక్కన చెంబులో నీళ్లున్నాయి. వేలు ముంచి బండ మీద మకరం నోరు గీసినా, నోట్లోంచి తీగ తీసినా, ఒక చుట్టు తిప్పినా, రెండో చుట్టు తిప్పినా. "ఏందిరా నాయనా, నిద్ర రాలేదా?" అంది మా అమ్మ చీకట్లోంచి. మూడో చుట్టు తిప్పేలోపల మొదటి చుట్టు ఆరిపోయింది. మళ్లీ వేలు తడుపుకున్నా.