అరిచే అరిసెల డబ్బా

సంక్రాంతికి వండిన అరిసెలు కనుమ దాటేసరికి సగమవుతున్నాయని మా అమ్మ గోల. దొంగ మా బావేనని ఇంటిల్లిపాదికీ తెలుసు. చేతికి మాత్రం దొరకడు. ఎనిమిదో తరగతి చదివే మేనల్లుడు నా దగ్గరకొచ్చి, "మామయ్యా, డబ్బా మూత తీయగానే కేకేసేది ఏదైనా చేద్దామా?" అన్నాడు. కన్నతండ్రి మీదే నిఘా! నేను కాదనలేదు. నా చిన్నప్పుడు నేనూ టంకం పట్టడం నేర్చుకున్నది ఇలాంటి కొంటెపనులతోనే.

కోఠీ గుజరాతీ గల్లీలో కాగితప్పొట్లంలో కట్టించుకొచ్చిన సామాను ఆరే ఆరు: ఒక ఎల్‌డీఆర్, బీసీ547 ట్రాన్సిస్టర్, ఒక కిలోఓమ్ రెసిస్టర్, నిరోధం తిప్పి మార్చుకునే 100 కిలోఓమ్‌ల ప్రీసెట్, బజర్, 9 వోల్టుల బ్యాటరీ. ఎల్‌డీఆర్ అంటే బొత్తాం అంత ఉండే చిన్న బిళ్ల. దాని ముఖం మీద మెలికలు తిరిగిన గీత ఉంటుంది. వెలుతురు పడితే నిరోధం కొన్ని వేల ఓమ్‌లకో, కొన్ని వందల ఓమ్‌లకో దిగిపోతుంది, చీకట్లో పది లక్షల ఓమ్‌ల వరకూ ఎగబాకుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి ఎల్‌డీఆర్, దాని వెనక కిలోఓమ్ రెసిస్టర్, అక్కణ్నుంచి ట్రాన్సిస్టర్ బేస్. బేస్ నుంచి మైనస్‌కి ప్రీసెట్. బజర్ ప్లస్‌కీ కలెక్టర్‌కీ మధ్య, ఎమిటర్ నేరుగా మైనస్‌కి. బేస్ దగ్గర సుమారు 0.65 వోల్టు చేరితే ట్రాన్సిస్టర్ తలుపు తీస్తుంది, బజర్ కూస్తుంది. ఆ కిలోఓమ్ రెసిస్టర్ ఎందుకు దండగని తీసేసేవాళ్లున్నారు. ఎండలో ఎల్‌డీఆర్ నిరోధం మరీ పడిపోయినప్పుడు బేస్ కాలిపోకుండా కాచేది అదే.

వెలుతురుకు ఇలా స్పందించే గుణం బయటపడిందే ఒక లోపాన్ని వెతుకుతుంటే. సముద్రగర్భ టెలిగ్రాఫ్ కేబుళ్లను పరీక్షించడానికి విల్లోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సెలీనియం కడ్డీలు వాడాడు. వాటి నిరోధం ఒక్కోసారి ఒక్కోలా వచ్చి విసిగించేది. కారణం తవ్వితే తేలిందేమిటంటే, కడ్డీలున్న పెట్టె మూత మూస్తే నిరోధం ఎక్కువ, తీస్తే తక్కువ. 1873లో ఆ సంగతి ప్రకటించాడు. మూత తీస్తే మారే పెట్టె! మా అరిసెల డబ్బాకి అదే ముత్తాత. ఇప్పటి ఎల్‌డీఆర్‌లలో ఎక్కువగా ఉండేది సెలీనియం కాదు, కాడ్మియం సల్ఫైడ్.

అతికించడానికి గంట పట్టింది. అరిపించడానికి, అంతకన్నా ముఖ్యంగా అరుపు ఆపించడానికి, రెండు రోజులు పట్టింది.

మొదట బల్ల మీదే మొండికేసింది. మేనల్లుడు ఎల్‌డీఆర్ మీద వేలు పెట్టినా బజర్ ఆగదు. వేలు చీకటి కాదు. పక్కల నుంచీ చర్మంలోంచీ కూడా కాస్త వెలుతురు దూరుతుంది. నల్ల పెన్ను మూత బోర్లించాలి, అదీ పాత పద్ధతి. మూత పెట్టినా ఆగలేదు. చూస్తే ప్రీసెట్‌ను చివరిదాకా, 100 కిలోఓమ్‌లకు తిప్పేసి ఉంచాడు. లెక్క వేసుకోమన్నాను. చీకట్లో ఎల్‌డీఆర్ 1,000 కిలోఓమ్‌లనుకుంటే బేస్ దగ్గర 0.8 వోల్టు దాకా మిగులుతుంది. ఇక తలుపు మూసుకునేదెక్కడ? పదికి తగ్గిస్తే 0.1 వోల్టు కూడా రాదు. తగ్గించాడు, నోరు మూసింది.

తర్వాత స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాం. లోపల చీకట్లో కూత! ఇక్కడే ఈ సర్క్యూట్ అసలు చిక్కు. లోపం చూద్దామని మూత తీస్తే వెలుతురు పడుతుంది, అప్పుడు అరవడం దాని ధర్మం. తీసి చూడకూడని జబ్బు ఇది. రాత్రి లైట్లన్నీ ఆర్పి, మల్టీమీటర్ వైర్లు మూత సందులోంచి బయటికి లాగి, పైన దుప్పటి కప్పి కొలిచాం. బేస్ దగ్గర 0.1 వోల్టు లోపే. అంటే ఎల్‌డీఆర్ చీకటిని గుర్తించింది, ట్రాన్సిస్టర్‌ను మూసుకోమంది. అయినా బజర్ కూస్తోందంటే కరెంటు ట్రాన్సిస్టర్‌ను తప్పించుకుని ఇంకో దారిన పోతున్నట్టు. ఆ దారి డబ్బాయే. బోర్డు అడుగున పొడుచుకొచ్చిన కలెక్టర్ కాలూ మైనస్ అతుకూ రెండూ స్టీలును తాకుతున్నాయి. మిఠాయిలకిచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో మొత్తం బిగించాక సమస్య తీరింది. మామూలు టంకంలో సీసం ఉంటుంది కాబట్టి తినుబండారం పక్కన ఆ పెట్టె ఎలాగూ ఉండాల్సిందే.

మిగతావి చిన్న తగాదాలు. 2ఎన్3904 తెచ్చి బీసీ547 బదులు గుచ్చితే కలెక్టర్, ఎమిటర్ తారుమారవుతాయి. బజర్ బదులు వట్టి పీజో బిళ్ల కొంటే 'టక్' మని ఊరుకుంటుంది. పాత బ్యాటరీ మీటరు మీద 8 వోల్టులు చూపించి, బజర్ తగిలించగానే చతికిలబడుతుంది. ఈ సర్క్యూట్‌కు స్విచ్ అక్కర్లేదు. చీకట్లో పారేది 9 మైక్రోయాంపులకు మించదు, బ్యాటరీ పండగ దాటి చాలా కాలం నిలుస్తుంది.

ఆ రాత్రి డబ్బా వంటింటి అటక మీద పెట్టి పడుకున్నాం. ఎలాంటి కేకా వినపడలేదు. తెల్లారి లెక్కపెడితే నాలుగు అరిసెలు తక్కువ. మేనల్లుడు ఏడుపు ముఖంతో మీటరు పట్టుకుని మొత్తం మళ్లీ కొలిచాడు. బ్యాటరీ బాగుంది, అతుకులు బాగున్నాయి, మూత తీస్తే గట్టిగా అరుస్తోంది.

సర్క్యూట్‌లో లోపం లేదు. బావ లైటు వేయలేదు.