పచ్చి సరకుకు తగిన పొట్లమేది?

ప్లాస్టిక్ సంచికి బదులు కాగితమో, గుడ్డయో, "మట్టిలో కలిసిపోవును" అని ముద్రించిన సంచియో వాడినచో పర్యావరణమునకు మేలు చేసినట్లేయని నేడు చాలమంది తలంచుచున్నారు. ప్లాస్టిక్ చెత్త వలని హాని నిజమే. కాలువలు పూడిపోవుట, పశువులు సంచులను మ్రింగి చచ్చుట అందరును ఎరిగినవే. కాని పదార్థము పేరును మాత్రమే చూచి ఒక పొట్లమును మంచిదనియు, మరియొకదానిని చెడ్డదనియు తీర్మానించుట శాస్త్రీయము కాదు.

కోసిన కూరగాయ చచ్చిన వస్తువు కాదు. అది ప్రాణవాయువును పీల్చుచు, తనలోని చక్కెరను ఖర్చు చేసికొనుచు, బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరిని, వేడిని వెలువరించుచుండును. ఉష్ణోగ్రత 10 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగినచో ఈ శ్వాసక్రియ సుమారు రెండు మూడు రెట్లు వేగమగును. కనుక పొట్లము గాలి ఆడనీయవలెను, తేమను నిలుపవలెను, దెబ్బ తగులకుండ కాపాడవలెను. గాలి ఎక్కువైనచో తోటకూర వాడును. గాలి ఆడనిచో చెమ్మ పట్టి కుళ్ళును. ఇందుచేతనే అన్ని సరకులకు ఒకే పొట్లము పనికిరాదు.

పాతదంతయు మంచిదనుటయు పొరపాటే. వెదురుగంపలో గాలి బాగుగా ఆడును. వాడిన పిమ్మట అది మట్టిలో కలియును. కాని లోతైన గంపలో పైకాయల బరువంతయు అడుగు కాయల మీద పడును. వెదురు పేళ్ళు తొక్కను చీల్చును. గోనెసంచి ఉల్లిగడ్డలకు తగును, టమాటాకు తగదు. మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు వచ్చు ప్లాస్టిక్ క్రేట్లను చూడుడు. ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు బరువును క్రేటు గోడలే మోయును, కాయలు కాదు. కడిగి మరల మరల వాడదగిన అట్టి క్రేటును, ఒక గంటలో వీధిపాలగు పలుచని సంచిని ఒకే గాట కట్టుట న్యాయము కాదు.

మన నియమములను కూడ ఈ దృష్టితోనే పరిశీలింపవలెను. చేతిసంచి మందము 2016 నియమముల ప్రకారము 50 మైక్రానులకు తగ్గరాదు. ఈ పరిమితి 2021 సెప్టెంబరు 30 నుండి 75కును, 2022 డిసెంబరు 31 నుండి 120కును పెరిగినది. మైక్రాననగా మిల్లీమీటరులో 1000వ వంతు. మందపు సంచిని జనులు మరల వాడుదురనియు, చెత్త ఏరువారు విడువక తీసికొందురనియు దీని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని ఒక్కసారి వాడి పారవేసినచో, అదే కొలత గల 50 మైక్రానుల సంచికంటె 120 మైక్రానుల సంచి 2.4 రెట్లు ప్లాస్టిక్‌ను చెత్తలో చేర్చును.

ఎరువుగా మారునని ధ్రువపత్రము పొందిన సంచులకు ఈ మందపు నియమము వర్తింపదు. వీనిలో తరచు వాడు పాలిలాక్టిక్ ఆమ్లపు ప్లాస్టిక్ త్వరగా విచ్ఛిన్నమగుటకు సుమారు 60 డిగ్రీల వేడి గల ఎరువు కేంద్రము కావలెను. రోడ్డు ప్రక్క గుంటలో ఆ వేడి లేదు. ఆ కేంద్రమునకు చేర్చు ఏర్పాటు లేని ఊరిలో సంచిపై ముద్ర కంటికి తృప్తినే ఇచ్చును.

గుడ్డసంచి మాటయేమి? డెన్మార్కు పర్యావరణ శాఖ 2018లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, వాతావరణ ప్రభావమును మాత్రమే లెక్కించినను నూలుసంచిని కనీసము 52 మార్లు వాడినగాని అది ప్లాస్టిక్ సంచికి సాటిరాదు. అయితే ఆ లెక్కలో వీధులలో పడు చెత్త వలని హాని చేరలేదు. మన ఊళ్ళలో ఆ హానియే ముఖ్యము. కనుక ఆ అంకెను చూపి గుడ్డసంచిని నిందింపరాదు. సంచులను బీరువాలో పోగుచేయక, ఒక్కదానినే చిరుగువరకు వాడవలెనని గ్రహింపవలెను.

కుళ్ళిన సరకును కూడ లెక్కలో చేర్చవలెను. పారవేసిన ప్రతి టమాటాతో దానికై వాడిన నీరు, ఎరువు, రైతు శ్రమ వ్యర్థమగును. గాలి చొరని చెత్తకుప్పలో అది మీథేన్ వాయువును కూడ పుట్టించును.

కావున అడుగవలసిన ప్రశ్నలు మూడు: సరకు స్వభావమేమి? ప్రయాణమెంత? వాడిన పొట్లము తిరిగి ఎచ్చటికి పోవును? 1999లో మొదలైన రైతుబజార్ల వంటి చోట్ల, ఉదయము కోసిన ఆకుకూరకు తడిగుడ్డయు, కొనువాని స్వంత సంచియు చాలును. దూరము తగ్గినకొలది పొట్లము అవసరమే తగ్గును.

దీనిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. సమానమైన బరువు గల మూడు తోటకూర కట్టలను తీసికొని, ఒకదానిని ఆరుబయట, ఒకదానిని మూసిన ప్లాస్టిక్ సంచిలో, మరియొకదానిని తడిగుడ్డలో ఉంచి, రెండు దినములు ఉదయసాయంకాలములందు ఆకులను మాత్రమే తూచి, వాని రంగు, వాసన వ్రాసికొనవలెను. సంచిపై ముద్రించిన మాటకంటె ఆ పట్టికయే నమ్మదగినది.