పద్యనాటకమున రాగము: నటుని జీవిక

తెలుగు పద్యనాటకమును గూర్చి విమర్శకులు తరచుగా చేయు ఆక్షేపణ యొకటి కలదు. నటుడు పద్యమును చెప్పుటకు మారుగా పాడుచున్నాడనియు, పద్యము ముగిసిన పిదప గూడ రాగమును విడువక సాగదీయుచున్నాడనియు, అందువలన సంభాషణము తెగి నాటకము నిలిచిపోవుచున్నదనియు దాని సారాంశము. ఈ ఆక్షేపణ సత్యమే. దానికి చెప్పబడుచున్న కారణములు మాత్రము మాకు తృప్తికరములుగా తోచలేదు. కొందరు ప్రేక్షకుల అభిరుచిని నిందింతురు. కొందరు నటుల కీర్తికాంక్షను. మరికొందరు నాటకమున పద్యములు గుప్పించిన కవులను. నటుడు దేనివలన బ్రతికెను, ఎవరి సరసన నిలిచి నటించెను, వారందరు కలిసి ఆ నాటకమును ఎన్నిమారులు అభ్యసించిరి అను ప్రశ్నలు ఈ చర్చలో అరుదుగా వినవచ్చును. ఆ ప్రశ్నలనుండి బయలుదేరినచో రాగము కథ వేరుగా కనబడునని మా అభిప్రాయము.

ముందుగా రెండు విషయములను వేరు చేయవలెను. నాటకమున పద్యముండుట ఒకటి. పద్యాంతమున ఆలాపన పెరుగుట వేరొకటి. మొదటిది 1880 దశకమునాటి మాట. 1880లో ధార్వాడ నాటకసమాజము మన ప్రాంతమున ప్రదర్శనము లిచ్చిన పిదప తెలుగువారిలో నాటకోత్సాహము హెచ్చెను. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదిని సభ ద్వారా ప్రదర్శించిన నాటకములలో పద్యములకును పాటలకును చోటు కల్పించిరి. అవి సన్నివేశములో భాగములు. పద్యము ముగిసిన తరువాత సాగు ఆలాపన సన్నివేశమునకు వెలుపలిది. ఈ భేదమును పాటింపకపోవుటచేత ఆచార్యులవారిపై వారిది కాని భారము మోపబడినది.

ధ్వనివర్ధకములు లేని కాలమున, పందిళ్లలో వేలకొలది జనమునకు వినబడవలెనన్న పలికిన మాటకంటె హెచ్చు శ్రుతిలో పాడిన స్వరమే దూరము పోవునని కొందరు చెప్పుదురు. ఇది గట్టి సమాధానమే. కాని మైకులు వచ్చిన పిదప ఆలాపన తగ్గవలెను గదా. తగ్గలేదు. కావున ఈ కారణము పద్యమును పాడుటకు సరిపోవునే గాని, పద్యము ముగిసిన తరువాతి మూడు నాలుగు నిమిషములకు సరిపోదు.

ఆ నిమిషముల రహస్యము కాంట్రాక్టు నాటకములో నున్నదని మేము తలంచుచున్నాము. ఒక నాటకసమాజమువారు స్థిరముగా కలిసియుండి, ఒకే గురువు లేక దర్శకుని కింద నెలలతరబడి అభ్యసించి ప్రదర్శించు పద్ధతి వేరు. కాంట్రాక్టరు ఒకడు పెట్టుబడి పెట్టి, పందిరి వేయించి లేక హాలు అద్దెకు తీసికొని, వేర్వేరు ఊళ్లలోని ప్రసిద్ధ నటులను ఒక్క రాత్రికి కుదుర్చుకొని, వారి పేర్లతో టిక్కెట్లు అమ్ముకొను పద్ధతి వేరు. 1932లో భక్తప్రహ్లాదతో తెలుగు టాకీలు ప్రారంభమైన పిదప స్థిరసమాజములు సడలుకొలది ఈ రెండవ పద్ధతియే అనేకులకు జీవనాధారమయ్యెను. ఈ నటులు సాయంకాలమునకు ఊరు చేరి, రంగు పూసికొనునప్పుడే ఒకరినొకరు పలుకరించుకొనుటయు కలదు. కలిసి అభ్యసించుటకు వ్యవధి యెక్కడిది? వారందరిని తెలిసినవాడు, ఎవరి శ్రుతి ఎంతయో, ఎవరు ఏ రాగమున ఏ పద్యమెత్తుకొందురో ఎరిగినవాడు హార్మోనిస్టు ఒక్కడే. ఆ రాత్రికి దర్శకుడన్నవాడెవడైన ఉన్నచో అతడే.

ఇట్టి రంగస్థలముపై నిలిచిన నటునికి తనదని చెప్పుకొనదగినది ఏమున్నది? ఎదుటివాని చూపు ఎటు తిరుగునో తెలియదు; ఎప్పుడు లేచునో తెలియదు; మాట అందుకొనునో లేదో తెలియదు. పరస్పరాభినయము అభ్యాసమువలన గాని సిద్ధింపదు. ఏ ఊరికి పోయినను, ఎవరి సరసన నిలిచినను చెడిపోక వెంట వచ్చునది పద్యమొక్కటే. దానిని పెంచుకొనుట, దానికి మెరుగు పెట్టుట, దానిని చూచియే మరుసటి కాంట్రాక్టరు తన్ను పిలుచునట్లు చేసికొనుట నటునికి బ్రతుకుతెరువు. వన్స్‌మోరు అతనికి మెప్పు మాత్రమే కాదు, మరుసటి అడ్వాన్సునకు హామీ.

తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములకు పట్టిన గతి ఇందులకు తార్కాణము. ఒకే ప్రదర్శనమున ఇద్దరు ముగ్గురు కృష్ణులుండుట మన ప్రేక్షకులకు వింత కాదు. పడకసీనునకు ఒకరు, రాయబారమునకు వేరొకరు. దీనిని పరిహసించుట సులభము. కాని ఇది ఒక పాత్ర ముక్కలగుట మాత్రమే కాదు. కృష్ణుడు మారినను నాటకము సాగిపోవుచున్నదన్నచో, అప్పటికే అచ్చట సాగుచున్నది పాత్ర కాదు, పద్యములని అర్థము. పడకసీను విడిగా ప్రదర్శింపబడుట ఈ దారిలో తరువాతి మెట్టు.

రాయబారములోని పద్యముల కట్టడి చూడుడు. ఆ కవుల పద్యములలో వాక్యము తరచు పాదాంతమున ఆగదు. తరువాతి పాదములోనికి దూకి నడుమ విరుగును. సంబోధనము అడుగడుగున తగులును. ఉత్పలమాలలో పదవ అక్షరమున, మత్తేభమున పదునాలుగవ అక్షరమున యతి పడుచున్నను, మాటల విరుపు దానికి లోబడదు. అర్థముననుసరించి పలుకు నటుడు పాదాంతమును దాటిపోవలెను. రాగముననుసరించు నటుడు అచ్చట ఆగును. ఇక నాలుగవ పాదము చివర సామాన్యముగా నుండునదేమి? హెచ్చరిక పూర్తియగు క్రియయో, ప్రశ్న ముగియు స్వరమో. ఎదుటి పాత్రకు దెబ్బ తగులవలసిన క్షణమది. సరిగా ఆ అచ్చుమీదనే ఆలాపన ఎత్తుకొనబడుచున్నది. అంతసేపు దుర్యోధనుడేమి చేయును? కర్ణుడేమి చేయును? కలిసి అభ్యసించినవారైనచో ఆ నిడివిని సయితము కోపముతోనో ఉపేక్షతోనో నింపగలరు. రాత్రి కుదిరిన నటులు తమ వంతు రాగముకొరకు వేచియుందురు. రాగము చేసిన చెరుపు శ్రావ్యతలో లేదు. వినువాని అభినయము అందువలన లోపించుటలో నున్నది. మన విమర్శలు పాడువానినే చూచినవి గాని వినువానిని చూడలేదు.

పద్యము నటుని సొత్తగుటవలన వాటిల్లిన ఫలములన్నియు చెడ్డవి కావు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకములోని కాటిసీనున జాషువ శ్మశానవాటి పద్యములు చేరి నిలిచిపోయినవి. అచ్చుప్రతిని మాత్రమే చదివిన విద్యార్థికి అవి కనబడవు. ప్రదర్శనము చూచినవానికి అవి లేని కాటిసీను ఊహకందదు. ఒక కవి నాటకములోనికి వేరొక కవి ఖండకావ్యము ప్రవేశించి అతుకు తెలియకుండ కలిసిపోవుట నటుల వివేచనవలన జరిగినది. దానిని ప్రక్షిప్తమని తోసివేయువారితో మేము ఏకీభవింపజాలము.

మా వాదమునకు విరుద్ధముగా బళ్లారి రాఘవ (1880–1946)ను చూపవచ్చును. ఆయన నాటకమున సంగీతము మితిమీరుటను ప్రతిఘటించెను. మాటకును ముఖమునకును ప్రాధాన్యమిచ్చెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టెను. ఇది ఆయన ప్రతిభయని, ధైర్యమని చెప్పుచుందుము. కాదనము. కాని రాఘవ న్యాయవాది. ఆయన ఇంటి పొయ్యి బళ్లారి కోర్టువలన వెలిగినదేగాని టిక్కెట్లవలన కాదు. వన్స్‌మోరును త్రోసిపుచ్చుటకు కావలసిన స్వాతంత్ర్యము ఆయనకు నాటకరంగమునకు బయటనుండి లభించెను. సరసవినోదిని సభను స్థాపించిన రామకృష్ణమాచార్యులకు ఆయన మేనల్లుడు. పద్యమును తెచ్చిన ఇంటనే దాని అతిని ఎదిరించినవాడును పుట్టెను. ఈ భేదము అభిరుచివలన కొంత, జీవికవలన కొంత కలిగినదని మా ఊహ.

సురభివారి సంగతి ఇంకొక విధమైనది. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున వనారస గోవిందరావు కీచకవధ ప్రదర్శనముతో మొదలైన ఆ సంప్రదాయమున నటన కులవృత్తివలె కుటుంబవృత్తి. స్త్రీలు స్త్రీపాత్రలను ధరించుట అచ్చట సహజమైన సంగతి. ప్రహ్లాదుడుగా లోహితాస్యుడుగా రంగమెక్కిన బాలుడు వయస్సుతోపాటు వేషములు మారుచు అదే నాటకమున వృద్ధుడగును. తల్లి, అన్న, మరదలు చుట్టు నిలిచిన రంగమది. వారికిని పద్యములున్నవి, హార్మోనియమున్నది. కాని మాయాబజారులో తెర మారవలసిన క్షణమునకు తాళ్లు పట్టుకొని లోపల నిలిచినవారుందురు. పద్యము ఇష్టము వచ్చినంతసేపు సాగుటకు ఆ తాళ్లు ఒప్పుకొనవు.

స్థానము నరసింహారావు (1902–1971) సత్యభామ రాగమును తప్పుపట్టువారందరును ఆలోచింపవలసిన ఉదాహరణము. బాపట్లలో చంద్రమతి వేషధారి రానందున ఆ కొరత తీర్చుటకు రంగమెక్కిన ఈ నటుడు తెనాలి రామవిలాస సభలో ఎదిగెను. శ్రీకృష్ణతులాభారమున సత్యభామకై ఆయన స్వయముగా రచించిన పాట 1966లో చలనచిత్రమునకు గూడ ఎక్కినది. ఆ పాట సంగీతమే. మరల మరల పలుకబడునదే. కాని పలికినప్పుడెల్ల గర్వము వేరొక వన్నె తాల్చును. సన్నివేశము ఆగదు, లోతుపడును. ఒకే రాగము ఒకచోట అభినయమునకు వాహనమై, వేరొకచోట దానికి అడ్డుగోడయగుచున్నది. పురుషుడు స్త్రీవేషము ధరించుట సమ్మతింపని రాఘవ పక్షము నేడు గెలిచినది. న్యాయమే. అయినను నటస్థానము అను గ్రంథమున తన అనుభవములను అక్షరబద్ధము చేసిన ఆ నటుని శ్రద్ధను, మన పరిశోధకులు వేషపు వింతగా మాత్రమే చూచుట శోచనీయము.

అభినవభారతిలో నటుడు రసమును ఆస్వాదించువాడు కాడు, ఆస్వాదమునకు సాధనము, కనుకనే పాత్రమని పిలువబడుచున్నాడను మాట కలదు. మద్యపు రుచి పాత్రకు తెలియదు గదా అని ఆచార్యుని దృష్టాంతము. తెలుగులో పాత్ర యన్న మాట నటుని విడిచి నాటకములోని వ్యక్తికి సంక్రమించినది. నటుడు పాత్రధారి మాత్రమై మిగిలెను. మాటతోపాటు మన చూపును అటే పోయినదేమో! పాత్రపోషణమును గూర్చి మన సిద్ధాంతగ్రంథములలో అధ్యాయములున్నవి. గిన్నె ఏ కుమ్మరిసారెపై తిరిగెనో విచారించినవి అరుదు.

ఈ విచారణకు ఆధారములు చాలవందురు. గ్రామఫోను రికార్డులున్నవి. వానిని జాగ్రత్తతో వాడుకొనవలెను. ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే తిరుగు ఆ పళ్లెమున ఆలాపన కుదించుకొనక తప్పదు. కావున రికార్డును విని పూర్వనటులు మితముగా పాడిరనుకొనుట పొరపాటు. నేటి పోటీలలోని పద్యనాటకములకు కాలపరిమితి కలదు, బృందములు కలిసి అభ్యసించి వచ్చుచున్నవి, ఆలాపన తగ్గినది. దీనిని అభిరుచి మారుటగా లెక్కించుటకు ముందు పద్ధతి మారినదని గుర్తింపవలెను.

కరపత్రములు, వార్తాపత్రికలలోని నాటక ప్రకటనలు ఇంతకంటె ఉపయోగకరములు. ఎవరెవరు ఏ రాత్రి ఏ ఊరిలో కలిసి నటించిరో, ఎందరు కృష్ణులు కుదుర్పబడిరో వానినుండి తెలియును. ఒక నటుని పదేండ్ల ప్రకటనలను వరుసగా పేర్చి, సహనటులు ఎన్నిమారులు మారిరో లెక్కించినచో మా ఊహ నిలుచునో పడిపోవునో తేలును. వేటపాలెము సారస్వత నికేతనమున పాత పత్రికల సంపుటములున్నవి. పరిశోధక విద్యార్థులు అచ్చటనుండి ప్రారంభింపవచ్చును.