వీధికి కళ్ళుంటే

పట్టణాలకి ప్లాన్లు గీసే పెద్దమనుషుల మీద 1961లో అమెరికాలో ఒకావిడ కత్తి కట్టింది. పేరు జేన్ జేకబ్స్. పత్రికల్లో పనిచేసేది, ముగ్గురు పిల్లల తల్లి, కాలేజీ పట్టా కూడా లేదు. ఆవిడ వ్రాసిన 'ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్' పేరు చూసి జడుసుకోకండి. లోపలున్నది పక్కింటావిడతో చెప్పుకునే కబుర్ల ధోరణే.

పిల్లల్ని వీధిలోంచి లాగి పార్కులో పడేస్తే బాగుపడతారని ఆ పెద్దమనుషుల నమ్మకం. ఈవిడ కాదంది. న్యూయార్కులో వాళ్ళ హడ్సన్ స్ట్రీట్‌లో ఈవిడ కొడుకు రోడ్డుకి అడ్డంగా పరిగెడితే, తాళాల కొట్టాయన కేకలేశాడు. తర్వాత తండ్రి కనిపిస్తే చెప్పాడు కూడా. ఆయన చుట్టమా పక్కమా? నన్ను పట్టించుకునేవాళ్ళు ఇంటి బయటా వున్నారని పిల్లవాడికి తెలియడానికి ఇంకేం కావాలి! జీతానికి పెట్టుకున్న మనిషి ఈ పాఠం చెప్పలేడంటుంది. ఈ ఒక్క అధ్యాయం కోసమైనా పుస్తకం చదవచ్చు.

పార్కు వుంటే చాలనేవాళ్ళని ఎగతాళి చేసే ఊపులో చెట్టు విలువ మాత్రం కాస్త తక్కువ కట్టింది. 2019లో డెన్మార్కులో 9 లక్షల మందికి పైగా వివరాలు పరిశీలిస్తే, పచ్చదనం బాగా తక్కువున్న చోట పెరిగిన పిల్లలకి తర్వాత మానసిక వ్యాధులు వచ్చే అవకాశం 55 శాతం దాకా ఎక్కువని తేలింది. చెట్లే కారణమని గట్టిగా చెప్పలేం గానీ, కొట్టిపారేసే మాటా కాదు.

నా అసలు పేచీ వేరే వుంది. వయసొస్తున్న పిల్లలు వీధిలో పనీపాటా లేకుండా నిలబడి కబుర్లాడుకోకపోతే ఎదగలేరంటుందావిడ. మగపిల్లలు సరే. మన వీధి చివర పదహారేళ్ళ ఆడపిల్ల ఐదు నిమిషాలు నిలబడితే, సాయంత్రానికల్లా ఆ కబురు నాలుగు రంగులు పులుముకుని ఇంటికొస్తుంది. మన వీధికీ కళ్ళున్నాయి మరి! ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఈ తేడా జేకబ్స్ ఎరగనిది కాదు. ఆవిడ వీధిలో ఇరుగుపొరుగుల తాళంచెవులు దాచిపెట్టే కొట్టతను, ఎవరింటికి ఎవరొచ్చారని ఆరా తియ్యడు. చూడడం, చూసి ఊరుకోవడం - రెండూ వుంటేనే అది ఆవిడ మెచ్చే వీధి. మనకి మొదటిది పుష్కలం. ఆ రెండోది ఎలా అలవడుతుందో మరో నాలుగు పేజీలు వ్రాసి వుంటే బాగుండేది. ఈ కళ్ళకి జడిసిన పిల్లకి గేటూ వాచ్‌మనూ వున్న కొత్త ఫ్లాట్లే హాయనిపిస్తాయి. అక్కడ చాడీలు మోసేవాళ్ళుండరు. "ఏమ్మా, మొహం అలా వాడిపోయిందేం?" అని అడిగేవాళ్ళూ వుండరు.