చరణదాసు సత్యవ్రతము

రాణిగారి ఖజానాలో పది బంగారు మొహరీలు పోయినట్లు లెక్క తేలినది. దొంగ దొరకెను. తాను తీసినవి అయిదు మాత్రమేయని అతడు నిండు కొలువులో చెప్పెను. తక్కిన అయిదింటిని తీసిన దెవరు? దొంగ వచ్చిపోయిన జాడ కనిపెట్టి, ఇదే అదనుగా కోశాధికారి తానును అయిదు మొహరీలు రొండిని దోపుకొని, పదియు దొంగ ఖాతాలో వ్రాసెను. వాడు మామూలు దొంగయైనచో ఆ లెక్క కలకాలము నిలిచియుండెడిదే. కాని వాడు అబద్ధమాడనని గురువునకు మాట యిచ్చినవాడు. హబీబ్ తన్వీర్ నాటకము ‘చరణదాస్ చోర్’ నందలి ఈ సన్నివేశమునకు ప్రేక్షకులు విరగబడి నవ్వుదురు. ఆ నాటకము మర్మమును అచ్చటనే యున్నది.

తన్వీర్ 1923లో రాయపూరున జన్మించెను. అలీగఢ్, బొంబాయి, ఢిల్లీ, లండను నగరములు చూచి వచ్చిన పిమ్మట అతనికి కావలసిన నటులు పుట్టిన సీమయందే దొరకిరి. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో రాత్రులు తెల్లవార్లు సాగు ‘నాచా’ అను ప్రదర్శన కలదు. తెలుగునాటి వీధి భాగవతములను చూచినవారికి దాని తీరు వేరుగ చెప్ప నక్కరలేదు. 1959లో తాను స్థాపించిన ‘నయా థియేటర్’ అను సమాజమునకు తన్వీర్ ఈ పల్లె నటులనే ఊపిరిగా చేసికొనెను. 1973లో రాయపూరున నాచా కళాకారులతో శిబిరము నడపిన తరువాత, వారి మాండలికముననే, వారి నోట అప్పటికప్పుడు పుట్టిన మాటలతోనే నాటకము లల్లు పద్ధతి అతనికి స్థిరపడినది. ‘చరణదాస్ చోర్’ 1975లో ఇట్లు రూపొందినదే. కథ రాజస్థానీ కథకుడు విజయదాన్ దేథాది. 1982లో ఎడింబరో నాటకోత్సవమున ఈ నాటకమునకు బహుమానము లభించినది. ఆ కీర్తి మాట యటుండనిండు. విచారింపదగినది నాటకమునందలి నేరవిచారము.

జవాను తరుముచుండగా చరణదాసు ఒక గురువు చెంత దూరును. అక్కడ జూదరులు, త్రాగుబోతులు తలకొక దుర్వ్యసనము విడుతుమని మాట యిచ్చి, దక్షిణ చెల్లించి శిష్యులగుచుందురు. దొంగతనము తన కులవృత్తి వంటిదనియు, దానిని విడువలేననియు చరణదాసు మొండికెత్తును. బదులుగా, ఎన్నడును తన పాలబడవని తోచినవాటిని నాలుగింటిని ఎంచి వదలుకొనును: బంగారు పళ్లెరమున భుజింపడు, ఏనుగు నెక్కి ఊరేగడు, రాణిని పెండ్లాడడు, రాజ్యమేలడు. గురువు వీనికి అయిదవది చేర్చును: అబద్ధమాడరాదు. పేదవాడు చేయు త్యాగము ఎంత చవుకయో యని నవ్వుకొనునట్లు మొదలైన ఈ ఘట్టము, చివరకు వాని ప్రాణమును అడుగును.

దొంగను కథానాయకుని చేయుట భారతీయ సాహిత్యమునకు క్రొత్త గాదు. మృచ్ఛకటికమున శర్విలకుడు జందెమును కొలత్రాడుగా వాడి గోడకు కన్నము వేయును. ఆ ప్రకరణమును తన్వీర్ 1958లో ‘మిట్టీ కీ గాడీ’ యను పేర రంగమున కెక్కించియే యుండెను. దండి దశకుమారచరితమున అపహారవర్మ చంపానగరపు పిసినిగొట్టుల ధనమును ఊడ్చి వారిని బిచ్చమెత్తించును. తెలుగువారికి ఈ కథ కేతన పద్యములలో చిరపరిచితము. కాని ఆ దొంగల గొప్పతనము విద్యలో నున్నది. చోరశాస్త్రము తెలిసినవారు, మాటకారులు, అవసరమైనచో బొంకువారు. చరణదాసునకు అట్టి శాస్త్రమేమియు లేదు. వానికున్నది ఒక వ్రతము. పాత కథలలో దొంగ తన నేర్పుచేత లోకమును గెలుచును. ఇచ్చట దొంగ తన సత్యముచేత లోకమును బట్టబయలు చేయును.

బట్టబయలైన దేమి? నాటకమున చరణదాసు ఒంటరి. ముఠా యనదగినది వాని కెదుట నున్నది. శిష్యుల పాపముపై దక్షిణ గొను గురువు, దొంగ చాటున దోచుకొను కోశాధికారి, కరవున ధాన్యము దాచు భూస్వామి, వీరందరిపై రాణి. వీరు ఒకచోట కూడి కుట్ర పన్నినవారు గారు. ఒకరి నొకరు ఎరుగనివారును కలరు. అయినను వారిని కట్టియుంచు త్రాడొకటి కలదు: ఒకని సంగతి మరియొకడు పైకి చెప్పకుండుట. విడి దొంగతనమునకును, వ్యవస్థగా సాగు నేరమునకును భేద మిదియే. మొదటిదానికి చీకటి చాలును. రెండవదానికి పట్టపగలు పదిమంది మౌనము కావలెను. ఆ మౌనము అలవాటైన సంఘమున నిజము పలుకు దొంగ కన్న ప్రమాదకరుడు లేడు.

భూస్వామి ఘట్టమున గింజలకై వచ్చి భంగపడిన సత్నామీ రైతును చూచి చరణదాసు ఆ ధాన్యమును దోచి ఆకలిగొన్నవారికి పంచును. రాయపూరు చరిత్ర నెరిగినవారికి ఇచ్చట వేరొక మనుష్యుడు స్మరణకు రాకపోడు. 1856 కరవులో సోనాఖాన్ జమీందారు నారాయణసింహుడు ఒక వర్తకుని ధాన్యపు కొట్టు తెరపించి ప్రజలకు పంచెను. ఆ చేసిన పనిని తానే రాయపూరు డిప్యూటీ కమిషనరునకు తెలిపెనని చెప్పుదురు. దొరతనము వారి లెక్కలో అది దోపిడి. అతడు చెర బడెను, చెర తప్పించుకొని తిరుగబడెను, 1857 డిసెంబరు 10న రాయపూరున మరణశిక్ష పొందెను. నేడా చోట జయస్తంభ మున్నది. తన్వీర్ ఈ చరిత్రను మనసున నుంచుకొని వ్రాసెనని చెప్ప బనిలేదు. ఆ నేలపై ఆ సన్నివేశమునకు అర్థము దానంతట అదియే కలుగును.

దొంగ యెవడో నిర్ణయించు అధికార మెవరి చేతనున్నదను ప్రశ్న తెలుగు పాఠకునకు మరింత దగ్గరిది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము తెగ, ముఠా, వర్గము అను మూడింటిని ఒకే గాట కట్టినది. ఒక తెగయందు పుట్టుటయే ముఠాలో చేరుటయైనది. 1911 తరువాత అది మద్రాసు రాజధానికి విస్తరించినది. బాపట్ల చెంత స్టూవర్టుపురము ఎరుకలవారికై వెలసినది ఆ చట్టపు నీడనే. చట్టము 1952లో రద్దయినది గాని ఊరిపేరు చెప్పుకొనుటకు జంకిన పిల్లల బ్రదుకులు దానితో రద్దు కాలేదు. కోశాధికారి వ్రాసిన దొంగలెక్క వంటిదే యిదియు, మరింత పెద్దది.

అయినను నాటకమునకు ఒక లోపము కలదని చెప్పక తప్పదు. చరణదాసు దొంగిలించినవాని యింట మరునాడేమి జరిగినదో తన్వీర్ చూపడు; నవ్వు ఆ వైపు చూడనీయదు. నిజమైన ముఠాల వలన మొదట నలుగువాడు పేదవాడే. రాయపూరునకు సమీపమున భిలాయిలో 1991 సెప్టెంబరు 28న కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగీ నిద్రలో నుండగా తుపాకి కాల్పులకు బలియయ్యెను. 2005లో సుప్రీం కోర్టు కాల్చినవానికి యావజ్జీవ శిక్షను విధించినది. విచారణ నెదుర్కొన్న ఇతరులు నిర్దోషులుగా విడుదలయిరి. ఇట్టి హత్యను చెప్పుటకు చరణదాసు నవ్వు చాలదు. ఏకాంగిగా సత్యము పలుకుట అచ్చట ఎవరిని రక్షింపగలదను ప్రశ్నను నాటకము వేయదు. ఇది దాని ఎల్ల. జానపదగాథ ఎల్లయు నదియే.

ఇక సత్నామీల మాట. సత్యమే దైవమని బోధించిన గురు ఘాసీదాసు అనుయాయులు వారు. వారి పంథీ పాటలను తన్వీర్ ఈ నాటకమునకు వెన్నెముకగా చేసికొనెను. దొంగకథలో తమ భక్తిగీతములు వినబడుట కొందరికి గౌరవముగను, కొందరికి అవమానముగను తోచినది. అంటరానివారుగా చూడబడిన జనము తమ పేరు విషయమున కోమలముగా నుండుట అర్థము చేసికొనదగినదే. 2009 జూన్ 8న తన్వీర్ భోపాలున మరణించెను. ఆ సంవత్సరముననే సత్నామీ పెద్దల అభ్యంతరముపై ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ఈ నాటక గ్రంథమును నిషేధించెను. అభ్యంతరము వినదగినదే, నిషేధము మాత్రము నాటకమును చదివి చేసినట్లు కనబడదు. దొంగను సత్నామీల స్థాయికి దింపక, దొంగ చేతనే వారి సత్యమునకు ప్రాణమర్పింపజేసిన కృతి యిది.

తుదిరంగమున రాణి చరణదాసునకు ఏనుగును, బంగారు పళ్లెరమును పంపును, పెండ్లాడుమని కోరును. వాడు అన్నిటిని కాదనును. అంతవరకు ఆమె కోపింపదు. ఈ సంగతి ఎవరికిని చెప్పవలదని మాత్రము వేడును. ఎవరైన అడిగినచో తాను అబద్ధ మాడలేనని వాడు చెప్పును. వానిని చంపుటకు ఆజ్ఞ యిచ్చుట అప్పుడే.