యువజనుల వేషము, పాట, రేడియో: పెద్దల తీర్పుపై ఒక విమర్శ

మన సంఘము సమావేశమైనప్పుడెల్ల పెద్దల నోట ఒక మాట తప్పక వినబడుచుండును: "సినిమా పాటలు, రేడియో, క్రొత్త వేషములు పిల్లలను చెడగొట్టినవి, మన యిండ్లనుండి తెలుగు పోవుటకు అవియే కారణము." నేనును ఇప్పుడు ఆ పెద్దలలో నొకడను. కోయంబత్తూరులో ఒక మిల్లు కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను; యస్.యస్.యల్.సి.కి మించి చదివినవాడను కాను. అయినను ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారింపవలెనని తోచినది.

మన యింటి తగవును తీర్చుటకు ముందు పరాయి యింటి తగవును చూచుట మేలు. అచ్చట మనకు కోపము రాదు గదా! రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన కొన్ని యేండ్లకు బ్రిటనులో పనులకు కొరత లేకపోయెను. పదునారేండ్ల పిల్లవాని చేతిలో సొంత జీతము ఆడసాగెను. టెడ్డీ బాయ్స్ అనువారు ఎడ్వర్డు రాజు కాలపు పొడవు కోట్లు తొడిగి వీధులకెక్కిరి. 1955లో మేరీ క్వాంట్ లండనులోని కింగ్స్ రోడ్డున అంగడి తెరచెను. తల్లుల వంటి దుస్తులు తొడుగుటకు ఇష్టపడని యువతులు అచ్చటికి చేరిరి. పాట విషయమున బి.బి.సి. బహు పొదుపరి. రికార్డులు వేయుటకు దానికి గంటల లెక్క యుండెను. అందుచే యువకులు రాత్రివేళ పరదేశమైన లక్సెంబర్గు రేడియోను త్రిప్పుకొనిరి. 1964 మార్చిలో రేడియో కరోలిన్ యనునది సముద్రముమీది ఓడనుండియే పాటలు వినిపింప నారంభించెను. 1967 ఆగస్టులో అట్టి ఓడలను అణచుటకు ప్రభుత్వపు చట్టము అమలులోనికి వచ్చెను. కాని అదే సంవత్సరము సెప్టెంబరు 30న బి.బి.సి.యే రేడియో వన్ అను క్రొత్త ప్రసారమును తెరచి, ఓడలమీద పనిచేసిన ప్రకటనకర్తలలో కొందరిని పిలిచి కూర్చుండబెట్టెను. తలుపు మూసినవారే చివరకు తలుపు తీసిరి.

ఈ కథ మనకును క్రొత్తది కాదు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రియైన పిమ్మట ఆకాశవాణి సినిమా పాటలను దూరముగా నుంచెను. ఆ యేటనే సిలోను రేడియోలో బినాకా గీతమాల మొదలయ్యెను. దేశమంతయు అటు చెవియొగ్గెను. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించి, పోయిన శ్రోతలను మరల పిలుచుకొనవలసి వచ్చెను.

పెద్దల అనుమానము వట్టిది కాదని ఒప్పుకొందును. బినాకా యన పండ్ల పసరు. పాట ముందు, బేరము వెనుక. లక్సెంబర్గు రేడియో బ్రదికినదియు ప్రకటనల సొమ్ముతోనే. యువకుల జేబులపై వర్తకుల కన్ను పడిన మాట నిజము. కాని జేబు ఖాళీయగుట వేరు, భాష పోవుట వేరు. ఈ రెంటిని ఒక్క ముడిగా వేయుటయే మన పెద్దల పొరపాటు.

వేషమునే తీసికొందము. నా యౌవనమున టెరిలిన్ చొక్కా, బెల్ బాటమ్ ప్యాంటు గొప్ప మోజు. ప్రత్తి మిల్లు కూడు తినుచు ఆ బట్ట కట్టితినని మా నాయన మండిపడెను. 1941లో ఆ టెరిలిన్ నూలును కనిపెట్టినవారు మాంచెస్టరు బట్టల అద్దకపు సంఘమువారి శాస్త్రజ్ఞులు. దక్షిణ భారతపు మాంచెస్టరని పేరొందిన ఊరి పిల్లవాడు దానిని తొడిగెను! అయినను ఏమాయెను? కొన్ని యేండ్లకు ఆ ప్యాంటు పాతగుడ్డయై పోయెను. దానితో నా భాషలో ఒక్క మాటయు పోలేదు.

ఇక పాట. మదురై, కోయంబత్తూరు ప్రాంతములలో సిలోను రేడియో చక్కగా వినబడుచుండెను. అందు మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలను ప్రకటించుచుండిరి. మన వీధిలో తెలుగు బడి లేదు. మన యింటి తెలుగు తరతరములుగా అరవముతో కలిసి, వంటకు, పలకరింపునకు చాలునంతగా మిగిలినది. ఘంటసాల, సుశీల గొంతులలోని తెలుగు మరియొక తెలుగు. ఒకనాడు పాటలో "కౌముది" యని వినబడగా అర్థము నాకు తెలియలేదు, మా అవ్వకును తెలియలేదు. వీధి చివరనున్న పెద్దనాయన "వెన్నెలరా" యని చెప్పెను. ఆ పూట మా యింటిలో ఒక తెలుగు మాట పెరిగినది.

మా నాయన మాత్రము "బజారు పాట" లని రేడియోను ఆపివేయుచుండెను. ఇచ్చటనే అసలు సంగతి యున్నది. టీకొట్టులోని అరవపాటను, పెండ్లిపందిటి మైకును ఆయన ఆపగలిగెనా? లేదు. ఆయన చేతికందినది ఇంటిలోని తెలుగుపాట యొక్కటే, దానినే ఆపెను. పోనీ, దానికి బదులుగా అక్షరములు దిద్దించెనా? అదియు లేదు.

1954లో అగ్గిరాముడు చిత్రమును తీసినది మన కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియోవారే. 1978లో బాలచందర్ తీసిన మరో చరిత్ర, అరవ చిన్నవాని, తెలుగు చిన్నదాని కథ, తెలుగులోనే మదరాసున ఏడాదికి పైగా ఆడెను. 1980లో శంకరాభరణమును అరవవారు తెలుగులోనే చూచి తలలూపిరి. మరో చరిత్ర వచ్చిన నాళ్లలో నా అరవ స్నేహితుడు పాట నంతయు పాడి, గోడమీది ప్రకటన చూపి, "ఇదేమని వ్రాసియున్నది?" అని నన్నడిగెను. నేను చదువలేకపోతిని. ఆ సిగ్గుతోనే పదునెనిమిదవ యేట పెద్దనాయన వద్ద పెద్దబాలశిక్ష పట్టితిని. నాకు అక్షరములు నేర్పించినది సినిమా పాట యనిన అతిశయోక్తి కాదు.

2006నాటి తమిళ నిర్బంధ చట్టము వలన మన పిల్లలకు బడిలో తెలుగు చదువుట కష్టమైన మాట వాస్తవమే. కాని అంతకు ఒక తరము ముందే మన యిండ్లలో పలక మూలబడినది. నేనును నిర్దోషిని కాను. 1995 తరువాత తెలుగు టీవీ ప్రసారములు మా యింటికి వచ్చినప్పుడు, పరీక్షలని చెప్పి నా కుమార్తె ముందు వానిని ఆపితిని. నా తండ్రి చేయి నా చేతిలోనే యుండెను. ఆమెకు నేటికిని తెలుగు చదువ రాదు.

ఇప్పుడు మనుమరాలు ఫోనులో తెలుగు పాట వినుచున్నది. దాని వేషము నాకు నచ్చదు, పాటలోని మోతయు నచ్చదు. అయినను ఆపుమనుట మానితిని. ప్రక్కన కూర్చుండి, "ఆ మాటకు అర్థము తెలియునా?" అని అడుగుచున్నాను, తెలియనిచో కాగితముపై వ్రాసి చూపుచున్నాను. ఇంతవరకు ఇరువది మూడు అక్షరములు వచ్చినవి. మన సంఘ సభ్యులు తమ యిండ్లలో ఈపాటి ప్రయత్నము చేసి, పిమ్మట రేడియోను, సినిమాను నిందింతురు గాక.