బంగారక్క లేని కబుర్లు

రెండు కుర్చీలు, రెండు మైకులు. ఒక కుర్చీలో కమెడియన్, రెండో కుర్చీలో అతని మాటలకు నవ్వడానికి వచ్చినాయన. ఈఎంఐల దగ్గర మొదలైన మాట పెళ్లిసంబంధాల యాప్‌కు మళ్లుతుంది, అక్కడి నుంచి అమెరికా వీసాకు, ఆపైన గోవాలో మొదటిసారి గంజాయి పీల్చిన రాత్రికి. ఈ దారీతెన్నూ లేని సంభాషణకు ఇప్పుడు గిరాకీ బాగా ఉంది. ఎర్రగుంట్ల జంక్షన్‌లో రైలు కోసం చూసే కుర్రాడి చెవిలో అదే, సిమెంటు లోడుతో బయలుదేరిన లారీ క్యాబిన్‌లోనూ అదే. దీన్ని పట్నం తెచ్చిన కొత్త సరుకుగా కొందరు మెచ్చుకుంటారు, కొందరు తిట్టుకుంటారు. నాకు మాత్రం ఇది మన సీమకు బాగా తెలిసిన పనితనమే అనిపిస్తుంది, కాకపోతే సగం భాగం ఎక్కడో జారిపోయింది. ఆ పోయిన సగం గురించే ఈ వారం రాస్తున్నా.

తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం జోరు మీద ఉండగా, జనం కునికిపాట్లు పడే వేళకు కేతిగాడు తెరమీదికి వస్తాడు. జుట్టుపోలిగాడు, బంగారక్క వెనకే దిగుతారు. రామాయణానికి పాటలున్నాయి, పద్యాలున్నాయి. వీళ్లకు మాత్రం రాసిపెట్టిన మాట ఒక్కటీ ఉండదు. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి సంగతులే వాళ్ల సరుకు. లంకలో యుద్ధం ఆపి మరీ ఊరి పెద్దమనిషి పిసినారితనం, సారా అంగడి అప్పు, పక్కింటి గొడవ మాట్లాడగలరు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కేతిగాడికి ఏమైనా అనే స్వేచ్ఛ ఉంది కానీ, అన్నది అన్నట్టు నిలబెట్టుకునే హక్కు లేదు. వాడు గొప్పలకు పోయిన మరుక్షణం బంగారక్క అందుకుని ఇంటి గుట్టు బయటపెడుతుంది. ఈ బొమ్మలాడించేవి కుటుంబ బృందాలు కాబట్టి ఆడబొమ్మకు గొంతు ఇచ్చేది చాలాచోట్ల ఆ ఇంటి ఆడమనిషే. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈ కళ ఇంకా బతికి ఉంది; అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మన కడప జిల్లాలోనే 1885లో 'కీచకవధ'తో రంగమెక్కిన సురభి కుటుంబాల పూర్వులూ తోలుబొమ్మలవాళ్లే. ఆడవేషం మగవాళ్లే కట్టే ఆ రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్లను రంగస్థలం మీదికి తెచ్చిన ఘనత సురభిది. ఎదురు మాట్లాడే ఆడగొంతు వాళ్లకు వారసత్వంగా వచ్చిందంటే నేను నమ్ముతాను.

సినిమా కూడా చాలాకాలం ఈ పద్ధతినే నడిపింది. ఎర్రగుంట్లకు పడమరనున్న సింహాద్రిపురంలో పుట్టిన పద్మనాభం 'పాతాళభైరవి'లో మాంత్రికుడి శిష్యుడిగా గుర్తుండిపోయినా, ఆయన హాస్యం పూర్తిగా పండింది గీతాంజలి జోడీగా ఉన్నప్పుడే. రేలంగికి గిరిజ, రాజబాబుకు మన కదిరి పిల్ల రమాప్రభ. హీరో ప్రేమకథ ఎటు పోయినా వీళ్ల మధ్య వాగ్వాదం మాత్రం ఆగేది కాదు, అందులో మగాయన నెగ్గిన సందర్భాలు తక్కువ. తర్వాత ఆ జంటలు విడిపోయాయి. 1997లో 'మా నాన్నకు పెళ్లి' సినిమాలో ఎమ్మెస్ నారాయణ తాగుబోతు వేషం జనాన్ని ఊపేసింది. ఆయన పనితనాన్ని నేను తక్కువ చేయను. ఆ తూలే నడకలో, సగంలో ఆగిపోయే మాటలో ఎంత లెక్క ఉందో చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మన సినిమాల్లో ఒంటరి తాగుబోతు ఒక తప్పనిసరి వినోదమైపోయాడు. అతనికి పెళ్లాం ఉంటుందో లేదో తెలియదు, జీతం ఎటు పోయిందో తెలియదు. తాగినవాడు ముద్దుగా కనిపించాలంటే ఇల్లు తెరవెనక ఉండాలి మరి. (రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధాన్ని ఎత్తేసిందీ 1997లోనే. కాకతాళీయమే అనుకుందాం.)

ఇల్లు తెరముందుకు వస్తే ఏమవుతుందో అంతకు అయిదేళ్ల ముందే చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు తమ బతుకులోని సారా గురించి అక్కడే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాట అంగడి మూయించేదాకా, తర్వాత ఊరూరా సారా వేలంపాటల్ని అడ్డుకునేదాకా పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి కర్నూలు మనిషి. నిషేధం ఎంతకాలం నిలిచింది, ఖజానా ఏమైంది అన్నవి వేరే చర్చలు. నాకు కావాల్సింది ఇంతే: తాగినవాడి కథ అప్పటిదాకా తాగినవాడే చెప్పుకున్నాడు, లేదా తాగినవాడి స్నేహితుడు చెప్పాడు. ఇంకో గొంతు చెప్పేసరికి అదే కథ అసలు నవ్వులాటగా లేదు.

ఇప్పుడు ఆ రెండు కుర్చీల దగ్గరికి వద్దాం. మత్తు గురించి కమెడియన్ చెప్పేదంతా తన సొంత కథే. తనను తాను వెక్కిరించుకుంటాడు, నిజమే. కానీ ఆ రాత్రికి సాక్షి తనొక్కడే. ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ కోయాలో అతని ఇష్టం. ఎదుటాయన పని నవ్వడం, ఇంకో ప్రశ్న అందించడం. బయట సంగతి చూస్తే, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు ఒకేచోట తగలబెట్టిన గంజాయే దాదాపు 2 లక్షల కిలోలు. అంత సరుకు కదిలే రాష్ట్రంలో, దాన్ని మోసే కూలీ, బెయిలు కోసం తిరిగే తల్లి, కొడుకు గదిలో వాసన పట్టిన తండ్రి ఈ కబుర్లలో ఎక్కడా మాట్లాడరు.

ఒక్కడే నిలబడి మాట్లాడే కళలో రెండో గొంతు ఎలా వస్తుందని అడగవచ్చు. వస్తుంది. అమెరికా కమెడియన్ రిచర్డ్ ప్రయర్ 1980లో కొకైన్ మత్తులో ఒళ్లు కాల్చుకుని చావు అంచుదాకా వెళ్లాడు. 1982లో వచ్చిన తన ప్రదర్శన చిత్రంలో ఆ సంగతే చెప్పాడు. అందులో అతను తన గొంతొక్కటే వినిపించలేదు. కొకైన్ పీల్చే గొట్టమే తనతో ముద్దుముద్దుగా మాట్లాడుతున్నట్టు ఒక గొంతు, ఇంటికొచ్చిన స్నేహితుడు జిమ్ బ్రౌన్ పట్టువదలకుండా ఒకే ప్రశ్న వేస్తున్నట్టు ఇంకో గొంతు. ప్రేక్షకులు పొట్ట పట్టుకుని నవ్వుతారు, ఆ ప్రశ్నకు మాత్రం అతని దగ్గర జవాబు లేదని వాళ్లకు తెలిసిపోతూనే ఉంటుంది. మనిషి ఒక్కడే, మాట్లాడింది ముగ్గురు.

బంగారక్కను మరీ ఎత్తేస్తున్నానని ఇంకో అభ్యంతరం రావచ్చు. కేతిగాడి హాస్యంలో బూతు ఎక్కువ, బంగారక్కకు తన్నులూ పడతాయి, నల్లగా ఉన్నవాళ్లను, లావుగా ఉన్నవాళ్లను ఆటపట్టించడమూ ఉంది. ఇదంతా నిజం, దాన్ని సమర్థించే ఓపిక నాకు లేదు. ఎదురుమాట ఉన్నంత మాత్రాన హాస్యం మంచిదైపోదు. అయితే ఎదురుమాట లేనిచోట ఏమవుతుందో 'చింతామణి' చూపిస్తుంది. కాళ్లకూరి నారాయణరావు సంస్కరణ కోసం రాసిన నాటకం అది. తాగుడు మీద 'మధుసేవ' రాసిందీ ఆయనే. ఊళ్లమీద ఆడే బృందాలు సుబ్బిశెట్టి పాత్రకు రాయని మాటలు ఏటేటా చేర్చుకుంటూ పోయాయి. జనం నవ్వారు కాబట్టి ఇంకా చేర్చాయి. ఒక కులాన్ని ఎగతాళి చేసే ఆ మాటలకు రంగం మీద బదులిచ్చే మనిషి లేడు. చివరికి జవాబు సర్కారు నుంచి వచ్చింది: 2022 జనవరిలో నాటకాన్నే నిషేధించారు. అవమానపడ్డవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ నిషేధం కూడా ఒంటిగొంతే. సుబ్బిశెట్టి కూతలతో పాటు నాయిక చింతామణి వాదాన్నీ అది నొక్కేసింది. మత్తు కబుర్లన్నీ యువతను చెడగొడతాయి, ఆపేయండి అనేవాళ్లకు నా జవాబూ ఇదే.

రాష్ట్రంలో ఇప్పుడు ఈగల్ అనే మత్తుపదార్థాల నిరోధక విభాగం ఉంది, ఫిర్యాదులకు 1972 నంబరు ఉంది, కాలేజీల్లో అవగాహన సభలు జరుగుతున్నాయి. ఆ సభల్లో అధికారి మాట్లాడతాడు, పిల్లలు ప్రతిజ్ఞ చేస్తారు. కుర్చీల్లో కబుర్లు చెప్పే కమెడియన్‌కు ఎలా ఎదురు లేదో, ఆ వేదిక మీది అధికారికీ అలాగే ఎదురు లేదు. ఒకరు నవ్విస్తారు, ఒకరు నిద్రపుచ్చుతారు, అంతే తేడా. ఎర్రగుంట్ల లాంటి ఊళ్లో, మూడు షిఫ్టుల పనివాళ్లూ డ్రైవర్లూ విద్యార్థులూ కలిసి బతికే చోట, ఒక సాయంత్రం నిమ్మలకుంట బృందాన్ని పిలిచి ఒక తెలుగు స్టాండప్ కుర్రాడి పక్కన నిలబెట్టి చూడవచ్చు. అతను గోవా కథ చెప్పనీ, మధ్యలో బంగారక్క అడ్డుపడనీ. ఖర్చు పెద్దగా కాదు. రెండు షరతులు మాత్రం పెట్టాలి: బొమ్మలాడించేవాళ్లకు కమెడియన్‌తో సమానంగా డబ్బు ఇవ్వాలి, ఆఫీసు నుంచి స్క్రిప్టు పంపకూడదు.